మునెయ్య మంద గుర్తు

కర్మంతరం వంటలకు పెట్టిన పొయ్యిరాళ్ళు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. ఆదిశేషమ్మ పోయిన ఇంట్లో అప్పుడే దొంగతనం మాట పుట్టింది. పుట్టించింది బయటివాళ్ళెవరో కాదు, ఆమె కన్న కూతురు నాగులమ్మే. ఎవరి మీదనుకున్నారు? ఆదిశేషమ్మ మంచాన పడ్డన్నాళ్ళూ ఎత్తి దించి, గుడ్డలు మార్చి, గంజి తాగించిన కోడలు రేణుకాదేవి మీద. దగ్గరుండి చేసినవాళ్ళ మీదనే కదా ముందు కన్ను పడేది, మరి.

గొడవకు మూలం ఒక వాచీ. బంగారు వాచీ. రూపాయి బిళ్ళ కన్నా చిన్నది, ఆడవాళ్ళు పెళ్ళికీ పేరంటానికీ చేతికి కట్టుకునేది. దానికి తోలుపట్టీ లేదు, నల్లటి పట్టుతాడు, ఆ తాడు కొసన గింజంత కొక్కెం.

ఆదిశేషమ్మ మొగుడు మునెయ్య ఉదయగిరి కొండ కింద పెద్ద మందకు ఆసామి. ఆ రోజుల్లో పొట్టేళ్ళను లారీకెత్తి మద్రాసు తీసుకుపోయి అమ్మేవాళ్ళు. ఒకసారి మునెయ్య, అతని జతగాడు గోపాలయ్య ఒకే లారీలో పోయి, మంచి బేరం తగిలి, ఒకే సేటు కొట్లో తలా ఒక ఆడవాళ్ళ వాచీ కొన్నారు. రెండూ చూడ్డానికి ఒకటే తీరు. మునెయ్య బంగారందే కావాలని పట్టుబట్టాడు. గోపాలయ్య చెయ్యి కొంచెం గట్టి, పైపూత దానితో సరిపెట్టుకున్నాడు. ఏడాది తిరక్కముందే గోపాలయ్య పెళ్ళాం వాచీ రంగు దిగి నల్లబడింది. ఊరు ఊరంతా పడీపడీ నవ్వింది. ఆ గోపాలయ్యకు మనవరాలే ఈ రేణుకాదేవి. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నాగులమ్మ మాత్రం ఒక్క పూట కూడా మరిచిపోలేదు.

ఆదిశేషమ్మకు టైం చూడ్డం రాదు. ముళ్ళు ఎక్కడుంటే ఏం టైమో ఆమెకు పట్టేది కాదు. అయినా పొద్దున్నే లేచి మొహం కడుక్కుని, వాచీకి కీ ఇచ్చి, చెవి దగ్గర పెట్టుకుని, "బతికే ఉండాది" అని మళ్ళీ గుడ్డలో చుట్టి పెట్టేది. మునెయ్య పోయాక కూడా ఆ పని మానలేదు. చేతులు పడిపోయాక రేణుక చేత ఇప్పించుకునేది.

తల్లి నగలు కూతురివి. అందులో ఎవరికీ పేచీ లేదు. కర్మంతరం అయిన మర్నాడు రేణుక తానే పెట్టె తెరిచి కమ్మలు, ముక్కుపుడక, వాచీ తీసి ఆడబిడ్డ చేతిలో పెట్టింది. నాగులమ్మ వాటి విలువ కట్టించాలని తమ్ముడు నాగేంద్రబాబును వెంటబెట్టుకుని బజారులో ఆచారి దగ్గరికి పోయింది. ఆచారి పద్ధతి ఒకటుంది. ఏ నగనైనా సరే కనపడే చోట గీకడు, మొహం చెడిపోతుందని కొక్కెం దగ్గరే రాయి మీద రుద్దుతాడు. వాచీకీ అదే చేశాడు. రాయి మీద పసుపుపచ్చ గీత పడింది. దాని మీద ఆమ్లం చుక్క వేస్తే గీత కాస్తా మాయమైంది.

"ఇది రోల్డ్ గోల్డు తల్లీ," అన్నాడు ఆచారి. "వాచీలు విప్పే పని నాది కాదు. రాయి చెప్పింది నేను చెప్పినా."

అంతే. నాగులమ్మ కళ్ళల్లో నిప్పులు పోసుకుని ఇంటికి వచ్చింది.

అప్పటికి పొద్దు వాలుతోంది. మంద ఇంటికి వచ్చే వేళ. రేణుక దొడ్డి తడిక పక్కన నిలబడి ఒక్కొక్క గొర్రెనూ లోపలికి వదులుతోంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఆ పని ఆమెదే. కొండ మీద మేతలో మందలన్నీ కలిసిపోతాయి, పక్కవాళ్ళ గొర్రె మన దొడ్లోకి వస్తే రేపు మాట వస్తుంది. అందుకని ప్రతి ఇంటివాళ్ళూ పిల్లగా ఉన్నప్పుడే గొర్రె చెవికి తమ గుర్తు కోస్తారు. మునెయ్య మందకు ఎడమ చెవి కొసన చీలిక. గోపాలయ్య మందకు కుడి చెవి కొసన చీలిక. రేణుక పుట్టింటి గుర్తు ఒకటి, మెట్టినింటి గుర్తు ఒకటి. ఎదురుగా వచ్చే మొహాన్ని ఒక్క చూపు చూసి ఆమె ఇట్టే చెప్పేస్తుంది.

"ఏం రేణుకా, మా అమ్మ వాచీ ఏడ ఉండాది?"

రేణుక తల తిప్పి చూసింది. ఆడబిడ్డ వెనకాల తన మొగుడు నాగేంద్రబాబు, అతని వెనకాల పక్కింటి దేవకమ్మ, ఇంకో నలుగురు చుట్టాలు. అందరి మొహాలూ ఒక్కలాగే ఉన్నాయి.

"నీ చేతిలోనే ఉండాది గదా వదినా."

"ఇది మా అమ్మది కాదు. మీ అవ్వది. పైపూతది. మా నాయన బంగారం మీ పుట్టింటికి పోయింది, మీ ఇంట్లో పనికిరానిది మా ఇంటికి వచ్చింది."

రేణుకకు ముందు నవ్వొచ్చింది. "మా అవ్వ వాచీ ఎప్పుడో పారేసినారు వదినా. అది ఎవురింట్లోనూ లేదు."

"పారేసినారో దాచిపెట్టినారో ఎవురు చూసినారు? ఆచారి రాయి మీద గీసి చెప్పినాడు. నీ మొగుణ్ణి అడుగు."

రేణుక మొగుడి వైపు చూసింది. నాగేంద్రబాబు చూపు గొర్రెల మీదికి తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం చూసి ఆమె నవ్వు ఆరిపోయింది. ఆడబిడ్డ అన్న మాట కన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది.

రేణుక కూతురు సుస్మిత అప్పుడే బడి నుంచి వచ్చి, సంచి భుజాన వేసుకునే నిలబడి చూస్తోంది. నాగులమ్మ ఆ పిల్లను జబ్బ పట్టి ముందుకు లాగింది. "ఇంత మాట ఎందుకు. ఇది మా నాయన తెచ్చిన వాచీనే అని నీ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పు. నేను నోరు మూసుకుని మర్రిపాడులో మా అత్తగారింటికి బస్సెక్కుతా."

రేణుక చెయ్యి పైకి లేవబోయి ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో ఆమెకొక్కదానికే తెలుసు. పోయిన వానల్లో వాచీ ఆగిపోయింది. ఆదిశేషమ్మ మంచం మీద పడుకుని పసిబిడ్డలాగా ఏడ్చింది. "ఆత్మకూరులో మస్తాన్ అని ఉండాడంట, వాచీలు బాగుచేస్తాడంట. ఎవురికీ చెప్పబాక. నాగులమ్మకు తెలిస్తే నేనే చెడగొట్టినానంటాది, నీ మొగుడికి తెలిస్తే ఈ వయసులో నీకెందుకంటాడు," అని కోడలి చెయ్యి పట్టుకుంది. రేణుక సంతకు పోతున్నానని చెప్పి ఆత్మకూరు పోయి, వాచీ ఇచ్చి వచ్చింది. మళ్ళీ పోయి తెచ్చేదాకా అది మస్తాన్ సొరుగులోనే ఉంది. అన్ని రోజులు ఎక్కడో సొరుగులో పడున్న వస్తువు మారలేదని ఎవరు చెప్పగలరు? తాను తియ్యలేదని కొండెక్కి చెప్పమన్నా చెబుతుంది. ఇది ఆ వాచీనే అని మాత్రం ఎలా చెప్పేది? అదీ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి. అబద్ధమైతే? తనకు తెలియని అబద్ధమైతే?

"ఏం, చెయ్యి లేవలేదే?" అంది దేవకమ్మ. ఆమెకు ఇలాంటి చోట ఒక మాట వెయ్యకపోతే రాత్రి అన్నం దిగదు.

"రేపు ఆత్మకూరు పోదాం," అంది రేణుక. "ఆడ వాచీలు విప్పే మనిషి ఉండాడు. ఆయన విప్పి చెప్పినాక, ప్రమాణమే గావాలంటే అప్పుడు చేస్తా."

"ఇప్పుడెందుకు చెయ్యవు?"

రేణుక తడిక వైపు తిరిగి తర్వాతి గొర్రెను లోపలికి వదిలింది. ఆ ఊరుకోవడాన్ని అందరూ తమకు తోచినట్టు అర్థం చేసుకున్నారు. ఎవరికైనా తోచేది ఒకటే కదా.

మర్నాడు పొద్దున బస్టాండులో చెక్కగరిటెల కొట్టు ముందర నిలబడి ఉండగా నాగేంద్రబాబు పెళ్ళాం పక్కకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. మీవాళ్ళకేమన్నా అవసరం పడిందా?"

రేణుక అతని మొహంలోకి చూసింది. ఇన్నేళ్ళ కాపురం తర్వాత ఈ మనిషి నన్ను ఇంతే ఎరిగినాడా అనుకుంది. తిట్టాలనిపించింది, ఏడవాలనిపించింది, ఏదీ చెయ్యలేదు. "బస్సు వచ్చింది, ఎక్కు," అంది.

ఆత్మకూరు మీదుగా పోయే నెల్లూరు బస్సులో నాగులమ్మ కిటికీ పక్కన కూర్చుంది. వాచీని కొంగు చివర ముడేసి, ఆ ముడిని పిడికిట్లో పట్టుకుని, దారి పొడుగునా వదల్లేదు. ఎండిన చేలు, ముళ్ళకంపలు, ఎదురొచ్చే లారీలు వెనక్కి పోతున్నాయి. రేణుక మనసు మస్తాన్ సొరుగు చుట్టూనే తిరుగుతోంది. ఆ సొరుగు నిండా వాచీలు, పట్టీలు, ముళ్ళు. తాను మళ్ళీ పోయినప్పుడు ఆయన అందులో చెయ్యి పెట్టి కెలికి, దీన్ని తీసి ఇచ్చాడు. తాను సరిగ్గా చూసిందా? చూడలేదు. టిక్కుటిక్కుమంటోందా లేదా అని చెవి దగ్గర పెట్టుకుంది, అంతే.

మస్తాన్ కొట్టు బజారు మలుపులో ఉంది. పెద్ద కొట్టేమీ కాదు, అద్దాల పెట్టె, దాని వెనక ముసలాయన, గోడ నిండా తలా ఒక టైం చూపించే గడియారాలు. ఈ ముగ్గురినీ చూసి ఆయన కంటి అద్దం పైకి నెట్టుకుని రేణుకను పలకరించాడు.

"ఏమ్మా, మళ్ళా ఆగిందా?"

నాగులమ్మ గిరుక్కున తిరిగింది. "మళ్ళా అంటే?"

ఇక దాచడానికేముంది. రేణుక ఉన్నదున్నట్టు చెప్పేసింది. అత్త ఏడ్చిన సంగతి, చెప్పొద్దన్న సంగతి, సంతకని అబద్ధం చెప్పిన సంగతి. చెబుతుంటే తన మాటలు తనకే కట్టుకథలాగా వినిపించాయి. చచ్చిపోయిన మనిషి చెప్పొద్దందంటే ఎవరు నమ్ముతారు?

"చూడరా, విను," అంది నాగులమ్మ తమ్ముడితో. "సంతకని చెప్పి వాచీ ఎత్తుకుని ఊరు దాటింది. ఇంకా ఏం గావాల నీకు?"

"నాకన్నా చెప్పొచ్చు గదా," అన్నాడు నాగేంద్రబాబు.

"అత్త చెప్పొద్దనింది."

మస్తాన్‌కు సంగతి అర్థమయ్యేసరికి మొహం మాడిపోయింది. చేతిలో పట్టకారు కింద పెట్టేశాడు. "అంటే నా కొట్లో మారిందని వచ్చినారా? అమ్మా, నా కాడికి వచ్చినప్పుడు అది అసలైన బంగారం వాచీ. నేను తిరిగి ఇచ్చినప్పుడూ బంగారమే. కొట్టు మెట్టు దిగినాక ఏం జరిగిందో నాకు తెలీదు."

ఆయన తన పేరు కాపాడుకోవడానికి అన్నాడు, తప్పులేదు. కానీ ఆ మాటతో రేణుకకు ఉన్న ఒక్క ఆసరా కూడా పోయింది. మస్తాన్ దగ్గర మారకపోతే ఇక మార్చింది తానే అంటారు. నాగులమ్మ ఆమె వైపు చూడను కూడా చూడలేదు. తలపంకించింది, అంతా తెలిసిపోయినట్టు.

"అన్నా, ఒక్కసారి విప్పి చూడన్నా," అంది రేణుక. చేతులు జోడించింది. "ఏది ఉంటే అదే చెప్పు. నాకు తెలియాల."

మస్తాన్ కాసేపు గునిశాడు. అనుమానంతో వచ్చినవాళ్ళ వస్తువు ముట్టుకుంటే తన తలకు చుట్టుకుంటుందన్నాడు, ఈ వయసులో తనకీ పంచాయితీలెందుకన్నాడు. చివరికి చెయ్యి చాపాడు. నాగులమ్మ కొంగుముడి విప్పి వాచీ ఇచ్చింది. ఆయన దాన్ని బోర్లించి, వెనక మూత అంచున సన్నటి చాకుమొన ఆనించి, బొటనవేలితో నొక్కాడు. రాలేదు. చుట్టూ తిప్పి ఇంకోచోట ఆనించి నొక్కాడు. మూత టప్పున ఊడి అద్దాల పెట్టె మీద పడింది.

ఆయన కంటికి అద్దం పెట్టుకునే లోపల నాగులమ్మ ఆ మూత చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టి చూసింది. లోపలి వైపంతా నల్లటి మడ్డి పట్టి ఉంది. ఆ మడ్డి కిందనుంచి గీతలు కనిపిస్తున్నాయి. మేకుమొనతో గీసిన మొరటు గీతలు.

"అది రిపేరు గీతలే అమ్మా," అన్నాడు మస్తాన్. "ప్రతి మెకానిక్కూ తన గుర్తుకు లోపల ఒక గీత గీసుకుంటాడు. నేనూ అట్టనే అనుకుని ఒదిలేసినా."

నాగులమ్మ వినడంలేదు. ఆమె పెదాలు కదులుతున్నాయి. పక్కపక్కన కిందికి వేలాడే రెండు ఆకుల్లాంటి బొమ్మలు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరైనా వాటిని ఆకులే అంటారు. మంద ఇంట్లో పుట్టినదానికి మాత్రం అవేమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. అవి గొర్రె చెవులు. అందులో ఒక చెవి కొసన చీలిక.

"ఇది మా నాయన చెయ్యే," అనబోయి ఆమె ఆగిపోయింది. మొహం రంగు మారింది. "లేదు. కుడి చెవి. చీలిక కుడిపక్క ఉండాది. ఇది మా గుర్తు కాదు."

మూతను తమ్ముడి మొహం ముందర పెట్టింది. "చూడరా. కుడి చెవి ఎవురిది? గోపాలయ్యది. వాళ్ళ తాత తన వాచీకి గుర్తేసుకున్నాడు. ఇంకేం గావాల? వాచీనే నోరు తెరిచి చెప్పె గదా."

నాగేంద్రబాబు చూశాడు. చీలిక నిజంగానే కుడిపక్క ఉంది. అతను మూత పెట్టె మీద పెట్టి, కొట్టు బయటికి పోయి వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

అయితే ఇది నిజంగా తాత వాచీనా? ఎలా వచ్చింది? ఎవరు తెచ్చారు? అత్తే ఏమైనా చేసిందా? ఒక్క క్షణం తన మీద తనకే అనుమానం వచ్చింది. ఇంటికి పోయాక సుస్మిత మొహం ఎలా చూసేది? రేపటి నుంచి బడిలో ఆ పిల్లను ఏమని పిలుస్తారు?

రేణుక పెట్టె మీది మూత తీసుకుని చూసింది. రెండు చెవులు. కిందికి వాలి ఉన్నాయి. సాయంత్రం తడిక దగ్గర నిలబడితే కొండ దిగి తన మీదికి వచ్చే మొహాలు గుర్తొచ్చాయి. ముందు మొహం, దానికి అటూ ఇటూ చెవులు. తన కుడిచేతి వైపు చెవికి చీలిక ఉంటే తడిక తీస్తుంది. ఎడమచేతి వైపు ఉంటే కర్ర అడ్డం పెడుతుంది.

"వదినా," అంది మెల్లగా. "చెవి కోసేటప్పుడు మామ పిల్లను ఎట్ట పట్టుకునేవాడు?"

"ఎట్ట పట్టుకుంటాడు? మోకాళ్ళ సందున ఇరికించుకుని, వెనకనుంచి. నేనే గదా పక్కన కూచుని పసుపు అద్దేదాన్ని."

"అట్ట పట్టుకుంటే గొర్రె ఎడమ మన ఎడమే. నువ్వు ఎప్పుడూ అట్టనే చూసినావు. నేను తడిక కాడ నిలబడి చూస్తా. అవి నా మీదికి వస్తాయి. ఎదురుగా వచ్చేదానికి ఎడమ చెవి నా కుడిచేతి పక్క ఉంటాది." ఆమె మూతను పెట్టె మీద పెట్టింది. "మామ ఎదురుగా చూసి గీసినాడు. ఇది ఎడమ చెవే."

"బాగుంది," అంది నాగులమ్మ. "నీకు గావాల్సినట్టు తిప్పుకో. ఎదురుగా చూసి గీసినాడని నీకు చెప్పినాడా?"

చెప్పలేదు. రేణుక పెళ్ళినాటికే మునెయ్య లేడు. రేణుక మళ్ళీ ఆ గీతల వైపు చూసింది. రెండు చెవుల నడుమ ఖాళీ ఉంది. ఖాళీ అంటే మడ్డి. మిగతా చోట కన్నా అక్కడ ఇంకా మందంగా పేరుకుని ఉంది.

"అన్నా, దీన్ని తుడువన్నా," అంది.

మస్తాన్ సీసాలో గుడ్డ ముంచి మూత లోపల రుద్దడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళిద్దరూ పెట్టె మీదికి వంగారు. వీధిలో ఉన్న నాగేంద్రబాబు కూడా ఎందుకో తిరిగి వచ్చాడు. గుడ్డ నల్లబడింది. ఇంకో గుడ్డ తీశాడు. మడ్డి వదిలేకొద్దీ పచ్చటి మెరుపు బయటపడుతోంది. చెవుల నడుమ ముందు ఒక చుక్క కనబడింది. తర్వాత దాని పక్కన ఇంకో చుక్క. కళ్ళు. వాటి కింద కోలగా మూతి, మూతికి రెండు ముక్కుపుటాలు, కంటి చుట్టూ జోడిపి జాతి గొర్రెకు ఉండే నల్లమచ్చ.

గొర్రె మొహం. మొరటుగా, కాస్త వంకరగా, చూసేవాళ్ళ వైపే సూటిగా చూస్తోంది. దాని ఎడమ చెవి చీలి ఉంది.

మస్తాన్ కంటికి అద్దం బిగించి మూతను దగ్గరికి తెచ్చుకున్నాడు. "పక్కనే ముద్రలు ఉండాయి. పద్దెనిమిది క్యారెట్లు. ఇదిగో, ఒక ఆడమనిషి తలకాయ బొమ్మ, ఆవగింజంత. అది స్విస్ సర్కారు వాళ్ళ ముద్ర. ఇది నేను బాగుచేసిన వాచీనే, బంగారమే. ఆచారి కొక్కెం రుద్దినాడంటిరే, ఆ కొక్కెం ఒట్టి పైపూతది. తాడు తెగితే ఎప్పుడన్నా మారుస్తారు గదా అని దానికి బంగారం పెట్టరు."

నాగులమ్మ స్టూలు మీద కూలబడింది. మూతను రెండు చేతుల్లో పట్టుకుని ఆ మొహాన్ని చూస్తూ ఉండిపోయింది. "కర్రకు, చెంబుకు, గొంగడికి, దొరికినదానికల్లా గుర్తేసేవాడు," అంది ఎవరికో చెబుతున్నట్టు. "ఒక్క చీలిక గీసి ఒదిలేసేవాడు. మొహం మాత్రం ఎప్పుడూ గియ్యలా." కళ్ళు తుడుచుకుంది. తల్లి పోయినప్పుడు తాను మర్రిపాడులో అత్తగారింట్లో ఉండిపోయింది. వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ ఏడుపు ఇప్పటిదాకా కోపంగా తిరుగుతూ ఇక్కడికి వచ్చి ఏడుపైంది.

కాసేపటికి నాగేంద్రబాబు, ఏదో ఒకటి మాట్లాడాలని, "ఏమాత్రం వస్తాదన్నా దీనికి?" అని అడిగాడు.

"కరిగిస్తే పెద్దగా రాదు, బంగారం రేకు పల్చన. వాచీగా అయితే దానికి రెండింతలు మూడింతలు ఇచ్చేవాళ్ళు ఉండారు. పాతవి పోగేసుకునేవాళ్ళు. అయితే లోపల ఇట్ట గీతలు ఉంటే ధర కోస్తారు. పాలిష్ పట్టించుకుంటే ఆ గీతలు పోతాయి."

"పాలిష్ అని ఎవురన్నా దీని మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరుగుతాది," అంది నాగులమ్మ. మస్తాన్ ఆమె చేతిలోంచి మూత తీసుకుని బిగించి ఇచ్చేశాడు.

కొట్టు మెట్లు దిగాక ఆమె రేణుక భుజం మీద చెయ్యి వేసింది. "పోనీలేమ్మే. అమ్మ పోయిన బాధలో ఏదో నోరు జారినా."

రేణుక ఆ చేతిని దించింది. తోసెయ్యలేదు, దించింది. "దొడ్డి కాడ అందరి ముందర అన్నావు వదినా. ఈడ బజారులో చెప్తే వాళ్ళకు వినపడదు."

నాగులమ్మ మొహం బిగుసుకుంది. బస్టాండు వైపు నడిచింది. తిరుగు బస్సులో ముగ్గురూ మూడు చోట్ల కూర్చున్నారు. నాగేంద్రబాబు సోడా కొనుక్కొచ్చి పెళ్ళానికి అందిస్తే, రేణుక కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. నిన్న చూపు తిప్పుకున్నవాడు అతను, ఇవాళ తిప్పుకోవడం తన వంతు. మర్రిపాడు పోయే మనిషి తమతో ఉదయగిరి దాకా వస్తుందో రాదో, వచ్చినా నోరు విప్పుతుందో లేదో ఆమెకు తెలియదు. విప్పకపోతే ఈ ఊళ్ళో తాను ఎప్పటికీ వాచీ మార్చిన కోడలే. బంగారమని తేలినా, మస్తాన్‌కు ముట్టజెప్పి చెప్పించింది అంటారు. దేవకమ్మ అంటుంది.

సాయంత్రం మంద కొండ దిగింది. రేణుక తడిక దగ్గర నిలబడింది. నిన్నటి చుట్టాలు ఇంకా పోలేదు, దేవకమ్మ పిలవకుండానే వచ్చి గోడకు ఆనుకుంది. సుస్మిత తల్లి చీర పట్టుకుని నిలబడింది. నాగులమ్మ దొడ్డిగోడ అవతల ఎటో చూస్తోంది. గొర్రెలు ఒక్కొక్కటే వచ్చాయి. రేణుక మొహం చూసి, చెవి చూసి లోపలికి వదులుతోంది. ఎవరూ ఏమీ అడగడంలేదు. అడగకపోవడమే పెద్ద శిక్షగా ఉంది.

చివరి గొర్రె వచ్చేసరికి నాగులమ్మ కదిలింది. దాన్ని పట్టి, చిన్నప్పుడు నాయన చేసినట్టే మోకాళ్ళ సందున ఇరికించుకుని వెనకనుంచి చెవులు చూసింది. తర్వాత దాన్ని వదిలి, ముందుకు వచ్చి, రేణుక పక్కన నిలబడి మళ్ళీ చూసింది. గొర్రె ఇద్దరినీ చూసి లోపలికి పోయింది.

"దేవకమ్మా, మీరందరూ వినండి," అంది. "ఇది మా నాయన తెచ్చిన వాచీనే. బంగారమే. లోపల మా మంద గుర్తు ఉండాది. నేను వెనకనుంచి చూసి తప్పు చదివినా, రేణుక ఎదురుగా చూసి సరిగ్గా చదివింది. ఆమె ఏం తియ్యలా, ఏం మార్చలా. అమ్మకు చేసిందంతా ఆమే. దొంగ అన్నది నేను, తప్పు నాది. గావాలంటే ఈ బిడ్డ తల మీద చెయ్యి పెట్టి…"

వాచీ పట్టుకున్న చెయ్యే సుస్మిత తల మీదికి వాలబోయింది. రేణుక ఆ మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"బిడ్డ తల మీద వద్దు వదినా. నువ్వు గానీ, నేను గానీ, ఎవురూ పెట్టొద్దు. నోటితో చెప్పినావు గదా, చాలు."

కోపం పోయిందా అంటే పోలేదు. కొన్నాళ్ళు ఉంటుంది. కానీ పట్టుకున్న చెయ్యి మాత్రం రేణుక వదల్లేదు. నాగులమ్మ పిడికిలి విప్పి వాచీని చెవి దగ్గర పెట్టుకుంది. "ఆగిపోయినట్టుండాదే," అంది కంగారుగా.

"పొద్దున ఎవురూ కీ ఇయ్యలేదు," అంది రేణుక. "ఇటు తే, ఎట్ట ఇయ్యాలో చూపిస్తా."